చల్లనీటి చేపలు, ఉష్ణమండల చేపలు: ట్యాంకు నీళ్ల వేడి వెనక ఉన్న లెక్క

అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు హీటర్ దగ్గరే వస్తుంది. గోల్డ్ ఫిష్‌కి హీటర్ అక్కర్లేదంటారు ఒకరు. ఫ్యాన్సీ గోల్డ్ ఫిష్ (గుండ్రటి పొట్ట ఉండే రకాలు) అయితే ఉండి తీరాలంటారు ఇంకొకరు. గదిలో మామూలుగా ఉండే వేడికి ఏ చేపైనా బతుకుతుందని మూడో మనిషి తేల్చి పారేస్తాడు. తమాషా ఏంటంటే, ముగ్గురి ఇళ్లలోనూ చేపలు బతికే ఉంటాయి. అందుకే ఈ వాదన ఎంతకీ తెగదు.

నీళ్ల వేడి పెరిగినా తగ్గినా థర్మామీటర్‌లో మారేది ఒక్క అంకెలాగే కనిపిస్తుంది. దాంతోపాటు నీళ్లలో ఉండే ఆక్సిజన్, అమోనియా విషం, చేప ఆకలి, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పనిచేసే వేగం కూడా మారతాయి. ముగ్గురూ మాట్లాడేది ఒకే అంకె గురించి గానీ, ఒక్కొక్కరి కళ్ల ముందున్నది దాని ఒక్కో పర్యవసానం. వాటిని విడదీసి చూస్తే ఎవరు ఎక్కడిదాకా రైటో తెలుస్తుంది.

పేర్లు రెండే, చేపలు మాత్రం రెండు రకాలు కావు

వాడుకలో చల్లనీటి చేపలంటే సుమారు 10 నుంచి 22 డిగ్రీల మధ్య హీటర్ లేకుండా హాయిగా ఉండేవి. ఉష్ణమండల చేపలంటే 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండేవి. ఇక్కడ చెప్పేవన్నీ సెల్సియస్ డిగ్రీలే. ఈ విభజన మొదటి రోజుకు పనికొస్తుంది గానీ, రెండో రోజు నుంచే ఇబ్బంది పెడుతుంది.

వైట్ క్లౌడ్ మిన్నోనే తీసుకోండి. వేలెడంత కూడా ఉండని ఈ చేపకు 1932లో శాస్త్రీయ నామం పెట్టారు. మొదట దొరికింది చైనాలోని గ్వాంగ్‌జౌ పక్కనున్న బైయున్ కొండ వాగుల్లో. ఆ కొండ కర్కాటక రేఖకు కాస్త దక్షిణాన ఉంది కాబట్టి, మ్యాప్ ప్రకారం ఈ చేప పుట్టిల్లు ఉష్ణమండలమే. కానీ కొండవాగు నీళ్లు చల్లన. అందుకే దీనికి 16 నుంచి 22 డిగ్రీలు సరిపడతాయి. 28 డిగ్రీల ట్యాంకులో పెడితే కొన్నాళ్లు గిరగిరా తిరుగుతుంది, మామూలుగా బతకాల్సినంత కాలం మాత్రం బతకదు.

అటువైపు ఉష్ణమండల చేపల్లోనూ అన్నీ ఒకటి కాదు. నియాన్ టెట్రా, డిస్కస్ రెండూ అమెజాన్ చేపలే. అడవి నీడన పారే వాగుల్లో తిరిగే నియాన్‌కి 21 నుంచి 26 చాలు. డిస్కస్ 28 నుంచి 30 దాకా అడుగుతుంది. ట్యాంకు అడుగున తిరిగే కోరీ అనే చిన్న చేపల సంగతి మరీ చిత్రం: పెప్పర్డ్ కోరీకి 24 దాటితే ఇబ్బంది, స్టెర్బై కోరీకి 24 నుంచే సుఖం. షాపులో ఒకే వరసలో, ఒకే చీటీ కింద ఉన్నంత మాత్రాన రెంటికీ ఒకే ట్యాంకు సరిపోదు.

జీబ్రా డేనియోది ఇంకో కథ. ప్రయోగశాలల్లో దీన్ని సాధారణంగా 28.5 డిగ్రీల దగ్గర పెంచుతారు. ఇది సహజంగా ఉండే దక్షిణాసియా వాగుల్లో, గుంటల్లో చలికాలానికీ ఎండాకాలానికీ నీళ్ల వేడి బాగా మారుతుంది. ట్యాంకులో 18 నుంచి 26 దాకా ఎక్కడైనా సర్దుకుపోతుంది. దీన్ని ఏ పేరు కింద వెయ్యాలో ఎవరి ఇష్టం వాళ్లది.

అందుకే చేప పేరుతో పాటు దాని డిగ్రీల హద్దు కూడా తెలిస్తేనే లెక్క మొదలవుతుంది.

చేప ఒంటి వేడి అంటే నీళ్ల వేడే

మనకు చలేస్తే ఒళ్లు వణికి వేడి పుట్టించుకుంటుంది. అక్వేరియం చేపలకు ఆ ఏర్పాటు లేదు. నీళ్లు 18 డిగ్రీలుంటే చేప రక్తమూ దాదాపు 18 డిగ్రీలే. ఒంట్లో జరిగే రసాయన చర్యలన్నీ ఆ వేడి చెప్పిన వేగంతోనే నడుస్తాయి. చేప తట్టుకోగల హద్దులో, నీళ్ల వేడి 10 డిగ్రీలు పెరిగితే చేప ఒంట్లో శక్తి ఖర్చు దాదాపు రెట్టింపవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క.

దీని ఫలితాలు కళ్లతోనే చూడొచ్చు. వేడి నీళ్లలో చేప చురుగ్గా ఈదుతుంది, ఎక్కువ తింటుంది, త్వరగా పెరుగుతుంది, ఎక్కువ విసర్జిస్తుంది. చాలా జాతుల్లో త్వరగా ముసలిదీ అవుతుంది. చల్లబడితే అన్నీ నెమ్మదిస్తాయి. 10 డిగ్రీల నీళ్లలో గోల్డ్ ఫిష్ గంటల తరబడి అడుగునే కదలకుండా ఉంటే జబ్బు చేసిందని కంగారు పడనక్కర్లేదు. అప్పుడు మామూలుగా వేసేంత మేత వేస్తేనే సమస్య. తిన్నది అరగదు, తినంది నీళ్లలో కుళ్లుతుంది.

అవసరం పెరిగే వేళకే ఆక్సిజన్ తగ్గడం

వేడి నీళ్లు తక్కువ ఆక్సిజన్‌నే పట్టి ఉంచగలవు. సముద్రమట్టం దగ్గర, మంచినీళ్లలో, లీటరుకు గరిష్ఠంగా కరిగే ఆక్సిజన్ 15 డిగ్రీల దగ్గర సుమారు 10.1 మిల్లీగ్రాములు. 20 దగ్గర 9.1. 25 దగ్గర 8.3. 30కి వచ్చేసరికి 7.6.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. నీళ్లు 15 నుంచి 30కి వెళ్తే ఆక్సిజన్ పావు వంతు తగ్గింది. అదే సమయంలో చేప అవసరం, పై ఉజ్జాయింపు ప్రకారం, దాదాపు 2.8 రెట్లయింది. రాబడి పావు వంతు కోసేసి ఖర్చు మూడింతలు చేసిన ఇంటి బడ్జెట్ లాంటిది ఇది. 30 డిగ్రీల నీళ్లలో గోల్డ్ ఫిష్ పడే యాతనలో పెద్ద భాగం ఇదే.

యాతన ఎలా ఉంటుందంటే, చేప నీటి పైపొర కిందే నిలబడి, మూతి అంచు గాలికి తగిలేలా పెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. మొప్పల మీది మూతలు గబగబా కొట్టుకుంటాయి. చూసేవాళ్లు ఆకలేమో అనుకుని ఇంకాస్త మేత చల్లుతారు. నిజానికి పైపొరలో, గాలికి తగిలే ఆ పల్చటి నీటిలో, ఆక్సిజన్ కాస్త ఎక్కువ. చేప వెతుక్కునేది దాన్నే. ఫైటర్ చేప పైకి రావడం మాత్రం వేరే సంగతి. దాని తలలో గాలి నుంచి నేరుగా ఆక్సిజన్ తీసుకునే ప్రత్యేకమైన అవయవం ఉంది. అది పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, తాపీగా కిందికి వెళ్లిపోతుంది. నిశ్చలంగా ఉన్న వెచ్చటి నీళ్లలో ఫైటర్ నెగ్గుకు రావడానికీ, అదే నీళ్లలో గోల్డ్ ఫిష్ నెగ్గలేకపోవడానికీ ఒక ముఖ్య కారణం ఆ గుక్క.

ఎయిర్ పంప్ సంగతి కూడా ఇక్కడే. బుడగల్లోంచి నీళ్లలోకి వెళ్లే ఆక్సిజన్ కొద్దిగానే. బుడగలు పైకొచ్చి పగిలేటప్పుడు నీటి పైభాగం కదులుతుంది, అడుగు నీళ్లు పైకొస్తాయి, అసలు మార్పిడి ఆ పైపొర దగ్గరే జరుగుతుంది. గుండ్రటి గాజు గిన్నెలతో ఉన్న చిక్కు కూడా ఇదే. మెడ దాకా నింపితే నీళ్లు ఎక్కువ, గాలికి తగిలే వైశాల్యం తక్కువ. వెడల్పాటి ట్యాంకులో అదే పరిమాణం నీళ్లు ఉంటే ఊపిరాడటం తేలిక.

అమోనియా: టెస్ట్ కిట్ చూపే అంకె ఒకటే, విషం వేరు

చేపలు తమ ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా అమోనియా రూపంలో మొప్పల ద్వారా వదులుతాయి. ఫిల్టర్‌లో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ ప్రమాదకరం. నైట్రేట్ అంతగా కాదు, నీళ్లు మారుస్తుంటే అదుపులో ఉంటుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెంపకందార్లు దీన్నే ట్యాంకు సైకిల్ అవ్వడం అంటారు.

చాలామంది పట్టించుకోని విషయం ఏంటంటే, నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమోనియం అయాన్, దాని హాని తక్కువ. రెండోది స్వేచ్ఛా అమోనియా, మొప్పల్లోంచి లోపలికి చొరబడే విషం. రంగును బట్టి నీళ్లను పరీక్షించే మామూలు కిట్లు రెంటి మొత్తాన్నే చూపిస్తాయి. అందులో విషం వాటా ఎంతన్నది పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), వేడి కలిసి నిర్ణయిస్తాయి.

ఒక లెక్క వేద్దాం. కిట్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపించింది, పీహెచ్ 8 అనుకోండి. నీళ్లు 18 డిగ్రీలుంటే విషం వాటా సుమారు 3.3 శాతం, అంటే 0.0165 మిల్లీగ్రాములు. అదే నీళ్లు 28 డిగ్రీలుంటే వాటా 6.5 శాతం, అంటే దాదాపు 0.033. చేపల పెంపకంలో స్వేచ్ఛా అమోనియాకు తరచూ చెప్పే హద్దు లీటరుకు 0.02 మిల్లీగ్రాములు. కిట్‌లో రంగు ఒకటే, నీళ్లు అవే, కానీ ఒకచోట హద్దుకు ఇవతల ఉన్నాం, ఇంకోచోట అవతల.

ఇప్పుడు 28 డిగ్రీల దగ్గరే పీహెచ్‌ని 8 బదులు 7 అనుకుని చూడండి. విషం వాటా 0.7 శాతానికి పడిపోతుంది, అంటే 0.0035. వేడి 10 డిగ్రీలు పెరిగితే విషం రెట్టింపయింది, పీహెచ్ ఒక్క అంకె తగ్గితే దాదాపు పదో వంతయింది. నియాన్ లాంటి కాస్త ఆమ్లపు నీళ్ల చేపలకు వెచ్చదనం ప్రాణం మీదికి తేకపోవడానికి ఇదొక కారణం. క్షారపు నీళ్లను ఇష్టపడే గోల్డ్ ఫిష్‌కి, అదీ బాగా విసర్జించే గోల్డ్ ఫిష్‌కి, ఆ వెసులుబాటు లేదు.

అలాగని చల్లటి ట్యాంకు తేలిక అనుకోవడానికీ లేదు. ఆ బ్యాక్టీరియా కూడా వేడిని బట్టే పనిచేస్తుంది. 25 నుంచి 30 మధ్య జోరుగా ఉండేది, చల్లటి నీళ్లలో బాగా మందగిస్తుంది. హీటర్ లేని కొత్త ట్యాంకు సైకిల్ అవ్వడానికి ఎక్కువ వారాలు పట్టేది అందుకే. రెండు వారాలు చూసి చేపల్ని వదిలేసిన వాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

గోల్డ్ ఫిష్ మొండితనం మనల్ని ఎలా పక్కదారి పట్టిస్తుంది

ఈ చర్చ మొత్తంలో ఎక్కువ గందరగోళం తెచ్చిపెట్టేది గోల్డ్ ఫిషే. గడ్డకట్టే చలి దగ్గర్నుంచి 30 దాటిన వేడి దాకా, నెమ్మదిగా అలవాటు పడితే, తట్టుకోగలదు. ఆక్సిజన్ దాదాపు లేని చల్లటి నీళ్లలో కూడా కొంతకాలం బతకగలదు. అలాంటప్పుడు ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల ద్వారా బయటికి వదిలేస్తుంది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఈ విద్య వచ్చినవి చాలా అరుదు.

ఇంత తట్టుకునే జీవి గాజు గిన్నెలో మూడేళ్లు బతికితే, గిన్నె బాగున్నట్టే అనిపిస్తుంది. శుభ్రమైన నీళ్లలో గోల్డ్ ఫిష్ 10 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. బ్రిటన్‌లో 1999లో చనిపోయిన ఒక గోల్డ్ ఫిష్ వయసు 43 ఏళ్లని రికార్డుల్లో ఉంది. ఆ లెక్కన మూడేళ్లు అంటే చిన్నప్పుడే పోయినట్టు. ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుందన్న మాట కూడా ఈ కోవలోదే. ఇరుకు ట్యాంకులో చేప ఎదుగుదల ఆగుతుంది, నిజమే. కానీ ఆపేది చెడిన నీళ్లు, చాలని చోటు. దాన్ని సర్దుబాటు అనడం నాకు మింగుడుపడదు.

మరి గోల్డ్ ఫిష్‌కి ఎంత వేడి సరి? ఇక్కడ మూడు వాదనలున్నాయి, మూడింటిలోనూ పస ఉంది. చెరువుల్లో పెంచేవాళ్లు 20 దాటకపోతేనే మేలంటారు. చలికాలం చల్లబడి, వసంతంలో వెచ్చబడితేనే గుడ్లు బాగా పెడతాయని గుర్తుచేస్తారు. పొట్ట గుండ్రంగా, తోక జోడుగా ఉండే ఫ్యాన్సీ రకాల పెంపకందార్లు 20 నుంచి 23 మధ్య నిలకడగా ఉంచడానికి హీటర్ వాడతారు. ఆ చేపలకు ఒళ్లు కుదించుకుపోయి పేగులూ, నీళ్లలో తేలుతూ నిలబడటానికి సాయపడే గాలితిత్తీ ఇరుకున పడి ఉంటాయి కాబట్టి, చలిలో అరుగుదల చెడి తలకిందులయ్యే ఇబ్బంది ఎక్కువని వాళ్ల అనుభవం. మూడోది ప్రయోగశాల మాట. ఒక చివర చల్లగా, ఇంకో చివర వెచ్చగా ఉన్న తొట్టిలో వదిలితే గోల్డ్ ఫిష్ 20ల చివరి డిగ్రీలను కూడా ఎంచుకున్న సందర్భాలున్నాయి.

మూడోది విని గోల్డ్ ఫిష్ కూడా ఉష్ణమండల చేపే అనేసేవాళ్లున్నారు. ప్రయోగశాల తొట్టిలో ఆక్సిజన్‌కి లోటుండదు, అమోనియా పేరుకోదు. ఇంటి ట్యాంకులో ఆ రెండూ హామీ లేవు. చేపకు ఏ వేడి ఇష్టం అన్నది ఒక ప్రశ్న, ఆ వేడి దగ్గర నా ట్యాంకు దాన్ని పోషించగలదా అన్నది ఇంకోటి. నా దృష్టిలో 18 నుంచి 22 అన్న సలహాకు బలం వచ్చేది ఈ రెండో ప్రశ్న నుంచే.

వేడి చెయ్యడం తేలిక, చల్లబరచడం కష్టం

పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లున్న ట్యాంకు పరిమాణం 54 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోతే నీళ్లు 45 లీటర్లుంటాయి. లీటరుకు ఒక వాట్ అన్నది వాడుకలో ఉన్న లెక్క, కాబట్టి 50 వాట్ల హీటర్ చాలు. వేడి బయటికి పోకపోతే దీనికి ఈ నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి గంటకు కాస్త పైన పడుతుంది.

దానికి బదులు, ఎక్కువుంటే మంచిదే కదా అని 200 వాట్లది పెట్టారనుకోండి. డిగ్రీకి పావుగంట. హీటర్‌లో థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ని ఆపి, మళ్లీ వేసే స్విచ్) ఆన్‌లోనే ఇరుక్కుపోవడం అప్పుడప్పుడూ జరిగేదే. 50 వాట్లది ఇరుక్కుంటే రెండు మూడు గంటల్లో నీళ్లు రెండు డిగ్రీలు పెరుగుతాయి, ఈలోపు ఎవరో ఒకరు చూస్తారు. 200 వాట్లది ఇరుక్కుంటే అదే సమయంలో పది డిగ్రీల దాకా పెరుగుతుంది. పెద్ద ట్యాంకులకు ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి పెట్టేవాళ్ల తర్కం ఇదే.

చల్లబరచడానికి చిల్లర్ ఉంది గానీ అది ఖరీదైన సరంజామా. ఎక్కువమంది నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పుతారు. ఆవిరయ్యే నీళ్లు వేడిని పట్టుకుపోతాయి. పై ట్యాంకులో పావు లీటరు ఆవిరైతే, ఆ వేడంతా నీళ్లలోంచే పోయిందనుకుంటే, మూడు డిగ్రీలు తగ్గాలి. గదిలోంచి వేడి మళ్లీ వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా తగ్గేది రెండు మూడు డిగ్రీల లోపే. గాలిలో తేమ ఎక్కువుంటే అదీ ఉండదు. పైగా ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే మిగిలిపోతాయి. తరిగినన్ని నీళ్లు పోస్తూ పోతే నీళ్ల కాఠిన్యం, అంటే వాటిలో కరిగిన లవణాల మోతాదు, మెల్లగా పెరుగుతుంది.

గది వేడి ఏడాదిలో చాలా నెలలు 28 దాటే చోట ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. అక్కడ ఉష్ణమండల చేపకు హీటర్ కొన్నాళ్లే కావాలి, చల్లనీటి చేప మాత్రం ఖర్చుతో కూడిన వ్యవహారం అవుతుంది. హీటర్ అక్కర్లేని చేప సులువైన చేప అన్న నమ్మకం పుట్టింది చల్లటి దేశాల ఇళ్లలో.

నిలకడ ఎంత ముఖ్యం?

వేడి ఒక్క డిగ్రీ కూడా అటూ ఇటూ కాకూడదని కొందరు టెన్షన్ పడతారు. సహజమైన గుంటల్లో పగలూ రాత్రీ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా మామూలే, చేపలకు అలవాటే. అసలు లెక్క వేగానిది. చేప కొత్త వేడికి తగ్గట్టు తన కణాల పొరల్లో కొవ్వుల్నీ, ఎంజైముల్నీ మార్చుకోవాలి. వేడికి అలవాటు పడటానికి రోజులు చాలు, చలికి అలవాటు పడటానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందుకే ట్యాంకు 26 ఉన్నప్పుడు 18 డిగ్రీల కుళాయి నీళ్లు సగం పోస్తే, నిమిషాల్లో 22కి పడేసరికి చేప రెక్కలు ముడుచుకుని మూలకు చేరుతుంది. అదే తేడా వారం పాటు మెల్లగా వస్తే దానికి లెక్కే లేదు.

రోగాలు కూడా వేడిని బట్టే నడుస్తాయి. ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్లచుక్కలు తెచ్చే పరాన్నజీవి జీవితచక్రం 25 డిగ్రీల దగ్గర వారం లోపే ముగుస్తుంది. 15 దగ్గర రెండు వారాలదాకా సాగుతుంది. నీళ్లలో ఈదే దశలోనే మందు దాన్ని చంపగలదు కాబట్టి, చల్లటి ట్యాంకులో చికిత్స ఎక్కువ రోజులు నడవాలి. నీళ్లను 30కి పెంచితే చాలన్న సలహా ఏంజెల్ చేపల ట్యాంకులో చెల్లుతుంది. వైట్ క్లౌడ్‌కి జబ్బు కంటే ఆ చికిత్సే ప్రమాదం.

రెండు రకాల్నీ ఒకే ట్యాంకులో పెంచొచ్చా?

అంకెల మీద చూస్తే కుదురుతుంది. ఫ్యాన్సీ గోల్డ్ ఫిష్ 23 దాకా ఒప్పుకుంటుంది, నియాన్ 21 నుంచి మొదలు. 22 దగ్గర ఇద్దరికీ రాజీ. పెద్ద ట్యాంకూ గట్టి ఫిల్టరూ ఉండి, ఇలా ఏళ్ల తరబడి నడిపినవాళ్లున్నారు కాబట్టి అసాధ్యం అనడం సరికాదు.

వద్దనేవాళ్ల అభ్యంతరం వేడి దగ్గర ఆగదు. గోల్డ్ ఫిష్ కాస్త కఠిన జలాన్ని, క్షార గుణాన్ని కోరుకుంటుంది, నియాన్ పుట్టింది మెత్తటి ఆమ్లపు నీళ్లలో. గోల్డ్ ఫిష్ నోట్లో పట్టే దేన్నైనా మింగి చూస్తుంది, నియాన్ సరిగ్గా ఆ సైజులోనే ఉంటుంది. ఇద్దరూ తమ తమ హద్దుల చివరి అంచు మీద ఉంటారు కాబట్టి, ఎండకి రెండు డిగ్రీలు పెరిగితే ఒకరికి, చలికి రెండు డిగ్రీలు తగ్గితే ఇంకొకరికి కష్టం మొదలవుతుంది. రాజీ కుదిరిన చోట అటూ ఇటూ జరగడానికి సందు ఉండదు.

హద్దులు అంచుల దగ్గర కాకుండా మధ్యలో కలిసే జతలు ఇంతకంటే నయం. జీబ్రా డేనియో, వైట్ క్లౌడ్, పెప్పర్డ్ కోరీ మూడింటికీ 20 నుంచి 22 డిగ్రీలు సుఖంగా ఉండే చోటే. ఒకదాన్నొకటి మింగేంత తేడా కూడా లేదు. షాపు చీటీల మీద మాత్రం వీటిలో ఒకటి చల్లనీటి చేప, మిగతా రెండూ తరచూ ఉష్ణమండల చేపలే.